పక్క చేనామె కూడా వింటోంది

అక్కా, చెల్లీ, వానలు మొదలైన నెలలో మన సంఘాల్లో సాక్ష్యాలు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. మైకు అందుకున్న ఆమె కొంగు సర్దుకుని మొదలుపెడుతుంది. "మూడు దినాలు ఉపవాసముండి ప్రార్థన చేసినాం. దేవుడు మా మొర ఆలకించినాడు. చుట్టుపక్కల ఎవురి చేన్లోనూ చినుకు పడలేదు, మా చేను మాత్రం తడిసింది. దేవునికే మహిమ!" అందరం హల్లెలూయ అంటాం, చప్పట్లు కొడతాం. ఆమె కన్నీళ్ళు నిజమైనవే. కృతజ్ఞత కూడా నిజమైనదే. అయితే రెండు వరసల వెనక ఆ పక్క చేనామె కూర్చుని ఉంటుంది. ఆమె కూడా ఉపవాసముంది. విత్తనాల కోసం చెవి కమ్మలు కుదువ పెట్టి, ఆకాశం చూసీ చూసీ ప్రార్థన చేసింది. అందరితోపాటు ఆమె కూడా చప్పట్లు కొడుతుంది. కొడుతూ లోపల ఏమనుకుంటుంది? నా ప్రార్థనలో ఏం తక్కువైందో అనే కదా!

ఈ నెల ఆ సంగతే మాట్లాడుకుందాం. గర్వం అనగానే మనకి పట్టుచీర, మెడలో గొలుసు, కొత్త కారు గుర్తొస్తాయి. అవి పైకి కనబడేవి. వాటి మీద ప్రసంగాలు చాలానే విన్నాం. నాకు దిగులు పుట్టించేది భక్తి మాటల్లో దూరి వచ్చే గర్వం. అది మనలో ఉన్నా మనకే తెలియదు. తెలిసినా దానికి ఆత్మీయత అని పేరు పెట్టుకుంటాం.

మన అనంతపురం గడ్డ మీద వాన ఎట్లా పడుతుందో ఎవరూ చెప్పక్కరలేదు. ఏడాది పొడుగునా కలిపితే సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి మేఘాలు తమ నీళ్ళన్నీ పడమటి కనుమల మీదే కురిసేసి మన దగ్గరికి ఖాళీగా వస్తాయి. ఈశాన్య రుతుపవనం కోస్తా దాటి ఇంత దూరం వచ్చేసరికి సన్నబడిపోతుంది. ఆ వచ్చే కొంచెం వానకి కూడా చేను చేనుకీ తేడా. గట్టుకి ఇవతల విత్తనం వేసేంత పదును, అవతల దుమ్ము. చెనిక్కాయ వేసిన వాళ్ళకి ఊడలు దిగే వేళకి ఒక్క మంచి వాన పడితే చాలు, పడకపోతే ఆ ఏటి అప్పు అట్లాగే ఉండిపోతుంది. ఇందులో తడిసిన చేనామె నీతి ఏమీ లేదు, ఎండిన చేనామె పాపం కూడా లేదు. కొండమీది ప్రసంగంలో, మత్తయి 5వ అధ్యాయంలో, తండ్రి నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా ఒక్కలాగే వాన కురిపిస్తాడని ప్రభువు చెప్పాడు. కాలువల కింద సేద్యం చేసేవాళ్ళు ఆ మాటను ఉపమానంలా చదువుకుంటారేమో. మనకి మాత్రం అది జూన్, జులై నెలల్లో గట్టు మీద నిలబడి కళ్ళారా చూసే విషయం. చూస్తూ కూడా వానను మన భక్తికి దొరికిన బహుమానంగా లెక్కేసుకుంటే, ఆ లెక్కలో పక్కామె ఏమవుతుంది?

లూకా 18లో పరిసయ్యుడూ సుంకరీ దేవాలయానికి వెళ్ళిన కథ మనందరికీ కంఠతా వచ్చు. అందులో మనం గమనించకుండా దాటేసేది ఒకటుంది. ఆ పరిసయ్యుడు తన ప్రార్థనను గొప్పలతో మొదలుపెట్టలేదు, దేవునికి కృతజ్ఞత చెబుతూ మొదలుపెట్టాడు. అంటే అదీ ఒక సాక్ష్యమే. కృతజ్ఞత అంటూ నోరు తెరిచి, ఆ తరవాత పక్కవాడి వైపు తిరిగాడు. వాడిలాగా నేను లేను అన్నాడు. "ఎవరి చేన్లోనూ పడలేదు, మా చేన్లోనే" అనే మాటకి, ఆ మాటకి ఎంత దూరం చెప్పండి?

అట్లాగని సాక్ష్యం చెప్పడం మానేద్దామా? వద్దు. కదిరి వైపు ఒక ప్రార్థన కూటంలో చదువు రాని ఒక పెద్దావిడ చెప్పిన సాక్ష్యం నేను విన్నాను. "మా చేనుకు వానొచ్చింది, స్వామికి స్తోత్రం. గట్టవతల ఆయమ్మోళ్ళకు రాలేదు. వాళ్ళ ఎనుములకు మేత లేదు. మా గట్ల మీద గడ్డి మొలుస్తానే ముందు వాళ్ళనే కోసుకోమని చెప్పినా. అందురూ ఆయమ్మోళ్ళ కోసం ప్రార్థన చేయండి." ఇంతే. కూర్చుంది. హల్లెలూయ అనడం కూడా మరిచిపోయాం. తనకి వచ్చిన దీవెన చెబుతూ ఆ నోటితోనే పక్కామెను కూడా కలుపుకుంది. తగ్గింపు మనసు అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ ముసలావిడ గుర్తొస్తుంది.

ఇక ఇవ్వడం సంగతి. మన చర్చిలో ఫ్యాను కింద కూర్చుని ఒకసారి తలెత్తి చూడండి. రెక్క మీద ఎర్ర రంగుతో దాత పేరు, పక్కనే ఎవరి జ్ఞాపకార్థమో ఆ పేరు. స్విచ్చి వేస్తే ఆ పేర్లు గిర్రున తిరుగుతాయి. కరెంటు పోయినప్పుడు మళ్ళీ చదువుకోవచ్చు. బల్ల మీద పేరు, గడియారం మీద పేరు, ప్రసంగపీఠం మీద పేరు. పోయిన అమ్మానాన్నల పేరు రాయించుకునే ప్రేమను నేను తప్పుపట్టను. కాని పేరు రాయకపోతే ఇస్తామా, ఇవ్వమా అని ఎవరికి వాళ్ళం ప్రశ్నించుకోవాలి.

కోత పండుగ వేలం ఇంకొక పరీక్ష. చేతిలో పట్టేంత గుమ్మడికాయ పీఠం ముందుకొస్తుంది. యాభై అంటారు ఒకరు. రెండు ఇళ్ళ మధ్య పట్టుదల మొదలైతే అది ఐదు వందలు, వెయ్యి దాటుతుంది. డబ్బు సంఘానికే కదా అనుకుంటాం, నిజమే. పాడినవాళ్ళ మొహాలు చూస్తే మాత్రం అది కానుకలా ఉండదు, గెలుపులా ఉంటుంది. ఓడినవాళ్ళు ఇంటికి వెళ్ళి వారం దినాలు ఆ మాటే మాట్లాడుకుంటారు. అదే పండుగకి కొంగులో దోసెడు చెనిక్కాయలు ముడేసుకొచ్చిన కూలామె ఉంటుంది. పెద్ద బుట్టల మధ్య తన ముడి ఎక్కడ విప్పాలో తెలియక గోడ వారగా నిలబడుతుంది. మార్కు 12లో ప్రభువు కానుకల పెట్టె ఎదుట కూర్చుని చూశాడట. ఆయన మన వేలానికి వస్తే ఎటు చూస్తాడో వేరే చెప్పాలా?

ఇచ్చేవాళ్ళ గర్వం పుచ్చుకునేవాళ్ళకి ఎట్లా తగులుతుందో మన తెలుగు నేల మీద పనిచేసిన ఒక మనిషి ప్రపంచం ముందు నిలబడి చెప్పాడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. పుట్టింది తిరునల్వేలి తమిళ ప్రాంతంలో. సువార్త పని కోసం తెలుగు నేర్చుకుని దోర్నకల్ వచ్చారు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగితే అక్కడ మాట్లాడారు. ఆ గదిలో దాదాపు అందరూ తెల్లదొరలే, మన దేశానికి బడులూ ఆసుపత్రులూ చర్చీలూ ఇచ్చినవాళ్ళు. వాళ్ళ త్యాగాలను ఆయన తక్కువ చేయలేదు, భారత సంఘం వాటిని ఎన్నటికీ మరిచిపోదన్నారు. ఆ పైన మాత్రం, మాకు ఇంకొకటి కావాలి, మాకు స్నేహితులు కావాలి అన్నారు. ఆ మాట కొందరికి కోపం తెప్పించింది. రెండేళ్ళకి, 1912 డిసెంబరులో, కలకత్తాలో ఆయనే ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు.

ఆ మాటను దొరలకి అప్పగించేసి మనం చేతులు దులుపుకోకూడదక్కా. ఇవాళ మన ఇంట్లో పాచిపని చేసే అమ్మాయికి క్రిస్మస్‌కి చీర ఇస్తాం. ఆమె బిడ్డకి పుస్తకాలు కొనిస్తాం. ఆమె మన పక్కన కూర్చుని మన కంచంలాంటి కంచంలోనే తింటుందా? ఆమె ఇంటికి వెళ్ళి ఆమె పెట్టిన సంగటి ముద్ద మనం ఎన్నడైనా తిన్నామా? ఇచ్చినప్పుడల్లా మనది పై చెయ్యి. ఆ ఎత్తు మనకి అలవాటైపోతుంది.

మన జిల్లాలో ఫెర్రర్ గారి పేరు తెలియని ఊరు ఉండదు. విన్సెంట్ ఫెర్రర్, బార్సిలోనాలో 1920లో పుట్టిన జెస్యూట్ పాదిరీ. మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర కరువు రైతులతో బావులు తవ్వించాడు. తవ్వే కాలమంతా గోధుమలూ నూనే ఇచ్చేవాడు. బావి మాత్రం రైతే తవ్వుకోవాలి. ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం. నీళ్ళు పడిన రోజున రైతు ఎవరి ముందూ తలొంచుకోనక్కర లేదు, ఆ బావి అతని చెమటే. పలుకుబడి ఉన్నవాళ్ళకి అది గిట్టలేదు. 1968లో దేశం విడిచి పొమ్మని ఉత్తర్వు వచ్చింది. ఆయన్ని పంపవద్దని వేలమంది రైతులు మన్మాడ్ నుంచి బొంబాయి దాకా నడిచారు.

కొంచెం ఆగి ఆలోచించండి. నీ కోసం వేలమంది కాళ్ళు బొబ్బలెక్కేలా నడిస్తే, ఆ తరవాత నీ తల ఎక్కడుంటుంది? ఆ మనిషి, మళ్ళీ దేశంలోకి రానిచ్చాక, మరుసటి ఏడు, 1969లో, తన మొహం కూడా ఎవరికీ తెలియని అనంతపురం వచ్చాడు. అప్పటికి ఆయనకి నలభై తొమ్మిదేళ్ళు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. 1970లో జెస్యూట్ సభను వదిలి, ఆన్ అనే ఇంగ్లిషు పాత్రికేయురాలిని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెనే మనం అన్నా ఫెర్రర్ అంటాం. ఇద్దరూ కలిసి నడిపిన గ్రామీణాభివృద్ధి సంస్థ, మనం ఆర్డీటీ అని పిలుచుకునేది, కట్టించిన ఇళ్ళకి పట్టాలు ఆడవాళ్ళ పేరు మీద రాయించింది. ఇల్లు తన పేరున ఉన్న ఆడమనిషి గుమ్మంలో నిలబడే తీరే వేరు. ఫెర్రర్ గారు 2009 జూన్‌లో అనంతపురంలోనే కన్నుమూశారు. బత్తలపల్లిలో, తాము కట్టిన ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే సమాధి చేశారు. ఆయన్ని దేవుణ్ణి చేసి ఫోటోకి దండలేసే వాళ్ళున్నారు. నా మటుకు నాకు ఆ దండల కంటే మన్మాడ్‌లో అంత పేరు వచ్చాక కూడా కొత్త ఊళ్ళో మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టిన ఆ ఒక్క ఏడాదే పెద్దగా కనిపిస్తుంది.

ఇప్పుడు చెప్పేది కొంచెం కష్టమైన ముచ్చట. పేరెత్తితే కూటంలో అందరూ బైబిలు పేజీలు తిప్పడం మొదలుపెడతారు. కులం. పద్ధెనిమిదో శతాబ్దం మొదట్లో ఈ రాయలసీమ ప్రాంతాలకి ఫ్రెంచి జెస్యూట్ పాదిరీలు వచ్చినప్పుడు, పై కులాల వాళ్ళు తమని దగ్గరికి రానివ్వాలని సన్యాసుల్లా కాషాయం కట్టారు, మాంసం మానేశారు. వాళ్ళ మనసులో ప్రభువే ఉన్నాడు. అయినా కులం గడప మాత్రం అట్లాగే మిగిలిపోయింది. ఆ తరవాత లండన్ మిషన్ వాళ్ళు 1810లో బళ్ళారిలో, 1822లో కడపలో పని మొదలుపెట్టారు. పేద పల్లెల్లో, ఊరి బయటి వీధుల్లో, సంఘాలు లేచాయి. 1947 సెప్టెంబరులో ఆంగ్లికన్లూ మెథడిస్టులూ దక్షిణ భారత ఐక్య సంఘం వాళ్ళూ కలిసి ఒక్క సీఎస్ఐ అయ్యారు. సముద్రాల అవతల పుట్టిన తేడాలన్నీ పక్కన పెట్టగలిగాం. మన ఊళ్ళో రెండు వీధుల మధ్య తేడా మాత్రం పక్కన పెట్టలేకపోయాం. మాలల చర్చి, మాదిగల చర్చి, రెడ్డి క్రైస్తవుల చర్చి అని ఇప్పటికీ గుర్తులు చెప్పే ఊళ్ళున్నాయి. పెళ్ళి సంబంధం వస్తే "రక్షణ పొందిన పిల్లైతే చాలు" అంటాం, ఫోన్ పెట్టేసే ముందు "ఇంతకీ ఏమోళ్ళు?" అని అడుగుతాం. ఒకే గిన్నెలోంచి ప్రభురాత్రి భోజనం తీసుకున్న పెదవులతోనే అడుగుతాం. నేనేదో మెత్తగా చెప్పి దాటేయలేను చెల్లీ. ఇది గర్వాల్లో కెల్లా పాతది, మనల్ని ఎక్కువగా నాశనం చేసింది ఇదే. దీన్ని మన తల్లుల దగ్గర నుంచి నేర్చుకున్నాం, మన పిల్లలకి మనమే నేర్పుతున్నాం. కాబట్టి ఆపగలిగిందీ ఆడవాళ్ళమే.

మన ఆడవాళ్ళకే ప్రత్యేకంగా ఉండే గర్వం ఇంకొకటుంది. ఎవరి చేతా పని చేయించుకోకపోవడం. జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా లేచి రొట్టెలు తట్టే అక్కలు నాకు తెలుసు. పక్కింటామె గిన్నెడు అన్నం తెస్తానంటే "అయ్యో, ఎందుకమ్మా, నేను చేసుకుంటా" అంటారు. నేను లేకపోతే ఈ ఇల్లు నడవదు అనే మాటలో ప్రేమ ఎంతుందో, పెత్తనం కూడా అంతే ఉంది.

పవిత్ర గురువారం పాదాలు కడిగే ఆరాధన చూసే ఉంటారు. పన్నెండుమందిని ముందే ఎంచుతారు. వాళ్ళేం చేస్తారో తెలుసా? ఇంటి దగ్గరే మడమలు రాయితో రుద్ది, సబ్బుతో కడిగి, నూనె రాసుకుని మరీ వస్తారు. చేన్లో తిరిగి పగిలిన పాదం, గోళ్ళలో ఎర్రమట్టి ఇరుక్కున్న పాదం పీఠం దగ్గరికి రాదు. సిగ్గు! పేతురుది కూడా ఆ సిగ్గే. ప్రభువు నా పాదాలు కడగడమేంటి అన్నాడు. చూడ్డానికి అది వినయంలా ఉంటుంది. నేను కడగకపోతే నాతో నీకు పాలు లేదని ప్రభువు తేల్చి చెప్పాడు. కడగడానికి వంగడం ఎంత కష్టమో, కడిగించుకోవడానికి మురికి పాదం చాపడం అంతకంటే కష్టం. అన్నట్టు, కతోలిక సంఘంలో ఆడవాళ్ళ పాదాలు కూడా కడగవచ్చని పోప్ ఫ్రాన్సిస్ 2016లో పద్ధతి మార్చారు. ఈసారి మిమ్మల్ని పిలిస్తే ఉన్న పాదాలతోనే వెళ్ళండి.

ఇంత చెప్పాక ఒక జాగ్రత్త చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. తాగొచ్చి కొట్టే మొగుడున్న చెల్లెలు ఏడుస్తూ వస్తే "నువ్వే తగ్గించుకో అమ్మా, ప్రభువు కూడా తగ్గించుకున్నాడు" అని పంపేసే పెద్దలున్నారు. దయచేసి ఆ మాట అనకండి. యోహాను 18లో, ప్రధాన యాజకుని ఎదుట ఒక బంట్రోతు ప్రభువు చెంప మీద కొట్టాడు. ఆయన తిరిగి కొట్టలేదు. మాట్లాడకుండా ఊరుకోనూ లేదు. నేను తప్పు మాట్లాడితే ఏది తప్పో చూపించు, సరిగ్గానే మాట్లాడితే ఎందుకు కొడుతున్నావని నిలదీశాడు. తగ్గించుకున్న మనిషికి ఆ ప్రశ్న అడిగే ధైర్యం ఉంటుంది. మన చెల్లెలికి ఆ ధైర్యం లేకపోతే ఆమె పక్కన నిలబడి మనం అడగాలి. అవసరమైతే పోలీసు స్టేషనుకీ వెళ్ళాలి. దెబ్బలు తినే ఆమెకి వినయం పాఠం చెప్పి, కొట్టేవాడిని సంఘపెద్దగా ముందు కుర్చీలో కూర్చోబెడితే అది ఏ సువార్త?

మరి దినదినమూ దీన్ని ఎట్లా సాధన చేయాలని అడుగుతారు మీరు. పెద్ద పెద్ద వ్రతాలు అక్కరలేదు. కోడలు చేసిన పప్పు మన పప్పు కంటే బాగుంటే ఆ మాట నలుగురిలో పైకి అనండి. అనడానికి నోరు ఎంత బిగుసుకుంటుందో చూసుకోండి. బిడ్డను అన్యాయంగా తిడితే బిడ్డకే తప్పైందని చెప్పండి, చాక్లెట్ కొనిచ్చి సరిపెట్టకండి. ఎవరైనా తమ కష్టం చెబుతుంటే "మాకూ అంతే, పోయినేడు మేము..." అని మన కథ ఎత్తుకోకుండా చివరి దాకా వినండి. రాజుల రెండో గ్రంథం 5వ అధ్యాయంలో నయమాను అంతటి సేనాధిపతికి దారి చూపింది ఇంట్లో పనిపిల్ల. ప్రవక్త బయటికి కూడా రాకుండా యొర్దానులో మునిగి పొమ్మని కబురంపితే కోపంతో తిరిగి పోబోయాడు. అప్పుడు ఒప్పించింది అతని దాసులే. కుష్టు పోవాలంటే అతను ముందు కిందివాళ్ళ మాట వినాల్సి వచ్చింది. మన ఇంట్లో, మన సంఘంలో, మనం ఎవరి మాట అసలు వినమో వాళ్ళ పేర్లు ఒకసారి తలచుకోండి.

ఇక ఒక పని. చెనిక్కాయలు పీకాక మీ సంఘంలో కోత పండుగ వస్తుంది. ఇప్పటి నుంచే స్త్రీల సమాజంలో మాట్లాడుకుని అయ్యగారిని, అమ్మగారిని అడగండి. ఈ ఒక్క ఏడాది కానుకల దగ్గర పేర్లు చదవకుండా చేద్దామా అని. బస్తా తెచ్చినవాళ్ళూ దోసెడు తెచ్చినవాళ్ళూ ఒకే దుప్పటి మీద పోస్తారు. వేలం కావాలంటే ఆ కుప్పను శేర్ల లెక్కన, అందరికీ ఒకే ధరకి అమ్ముదాం. ఆ డబ్బులోంచి ముందుగా, ఈ ఏడు వాన తగలని చేన్లవాళ్ళకి వచ్చే ఏటి విత్తనం కొనిపెడదాం. ఆ విత్తనం ఎవరిచ్చారని వాళ్ళు అడిగితే చెప్పడానికి మన దగ్గర పేరు ఉండదు. మీ సంఘం ఒప్పుకుంటే నాకు రాయండి. ఒప్పుకోకపోతే ఎవరు ఏమన్నారో అదీ రాయండి, వచ్చే నెల దాని మీదే మాట్లాడుకుందాం.